సన్న లైన్‌కి సన్న హుక్: బాస్ చేపకి ఫినెస్ రిగ్గులు కట్టేవాళ్ళ కోసం

నవంబరులో ఒక ఉదయం, అమెరికాలోని జార్జియాలో ఉన్న లేక్ లేనియర్ సరస్సులో 30 అడుగుల లోతున మునిగి ఉన్న కొమ్మల పక్కన ఎర వదిలి కూర్చున్నాను. రాడ్ కొన మెల్లగా బరువెక్కింది. లాగాను. రాడ్ విల్లులా వంగింది, చేప రెండుసార్లు తల విదిలించింది, అంతే, లైన్ వదులైపోయింది. ఆ ఉదయం అలా మూడు చేపలు పోయాయి. మూడోసారి ఎర పైకి తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాను. ప్లాస్టిక్ వార్మ్, అంటే వానపాము ఆకారపు మెత్తటి ఎర, అంతా హుక్ వంపులోకి ముద్దలా జారి ఉంది. మొనకి ఇంకా చిన్న ప్లాస్టిక్ ముక్క తగులుకునే ఉంది. అంటే మొన చేప నోట్లో పూర్తిగా దిగనే లేదు. అది 3/0 సైజు, లావు తీగతో చేసిన హుక్. దాన్ని 6 పౌండ్ల లైన్‌కి, అంటే ఆరు పౌండ్ల లాగుడుదాకా తట్టుకునే దారానికి, కట్టాను. పెద్ద హుక్ అయితే చేప తప్పించుకోదు అనుకున్నాను. జరిగింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

అట్లాంటాకి ఉత్తరాన కమింగ్, ఆల్ఫారెటా వైపు మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. చటాహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టగా ఏర్పడిన ఈ 38 వేల ఎకరాల సరస్సు మా ఇళ్ళకి కూతవేటు దూరంలోనే ఉంది. వారాంతాల్లో పిల్లల్ని తీసుకుని గట్టుకి వచ్చేవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఏ హుక్ కొనాలి?" షాపులో గోడ నిండా ప్యాకెట్లు వేలాడుతుంటే ఎవరికైనా టెన్షనే. అందుకే నేను పాటించే వరుసని ఇక్కడ మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను.

ఫినెస్ అంటే ఏమిటో ముందు ఒక్క మాటలో చెప్పుకుందాం. నీళ్ళు తేటగా ఉన్నప్పుడు, చేప బెదిరి ఉన్నప్పుడు, చలికి మందగించినప్పుడు సన్న లైన్, తేలిక బరువు, చిన్న మెత్తటి ప్లాస్టిక్ ఎరతో నెమ్మదిగా పట్టే పద్ధతి. హుక్, బరువు, ఎర లైన్‌కి కట్టే అమరికని రిగ్గు అంటారు. లేనియర్ నీళ్ళు తేట. ఇక్కడ రాజ్యం స్పాటెడ్ బాస్‌ది. ఆ చేప నాలుక మీద వేలు పెడితే గరుగ్గా తగులుతుంది, అక్కడ పళ్ళ మచ్చ ఉంటుంది. ఈ పద్ధతి దానికి అతికినట్టు సరిపోతుంది.

మొదటి అడుగు: హుక్ కన్నా ముందు రాడ్, లైన్ చూసుకోండి

హుక్ చేప నోట్లో దిగాలంటే బలం కావాలి. ఆ బలం మీ చేతి నుంచి రాడ్‌లోకి, రాడ్ నుంచి లైన్‌లోకి, లైన్ నుంచి మొనకి చేరాలి. ఫినెస్‌కి వాడే మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్ సులువుగా వంగుతుంది. 6 లేదా 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైన్ కొంత సాగుతుంది. 30 అడుగుల లోతుకి వెళ్ళేసరికి మీరు లాగిన దాంట్లో మొనకి చేరేది కొంచెమే. ఆ కొంచెం బలంతోనే దిగగలిగే హుక్ కావాలి.

కాబట్టి చూడాల్సిన మొదటి లక్షణం సైజు కాదు, తీగ మందం. ప్యాకెట్ మీద లైట్ వైర్, ఫైన్ వైర్, ఫినెస్ అని రాసి ఉంటుంది. 10 పౌండ్ల లోపు లైన్‌కి ఇవే వాడండి. హెవీ వైర్, సూపర్‌లైన్, ఫ్లిప్పింగ్ అని రాసి ఉన్నవి బలమైన బెయిట్‌కాస్టింగ్ రాడ్లకి, గుబురు గడ్డిలో లావు లైన్‌తో పట్టేవాళ్ళకి చేసినవి. అవి చెడ్డవని కాదు, మన పనికి సరిపోవు. ఇందులో ఇంకో వైపు కూడా ఉంది: సన్న తీగ హుక్‌ని గట్టి రాడ్‌కి కట్టి బలంగా గుంజితే అది విప్పుకుని సాగిపోతుంది. రాడ్, లైన్, హుక్, మూడూ ఒకే బరువు తరగతికి చెందాలి.

నేను వాడేది 10 పౌండ్ల అల్లిక లైన్, దాని చివర 8 నుంచి 10 అడుగుల ఫ్లోరోకార్బన్ ముక్క. అల్లిక లైన్ సాగదు కాబట్టి సన్న హుక్ చిన్న లాగుడికే దిగుతుంది. చివరి ముక్క తేట నీళ్ళలో చేప కంటికి అంతగా కనిపించదు.

రెండో అడుగు: అంకెల లెక్క, హుక్ భాగాలు

కొత్తవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. 6, 4, 2, 1 అని ఉన్నప్పుడు అంకె తగ్గేకొద్దీ హుక్ పెద్దదవుతుంది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అని మొదలవుతాయి, అక్కడ అంకె పెరిగేకొద్దీ హుక్ పెద్దదవుతుంది. వీటిని వన్ ఆట్, టూ ఆట్ అని పలుకుతారు. ఫినెస్‌లో మనం తిరిగేది చాలావరకు 2 నుంచి 2/0 వరకు, అంతే.

అయితే ఒక కంపెనీ 1/0 ఇంకో కంపెనీ 1/0 తో సమానంగా ఉండదు. అందరూ పాటించే ఒకే కొలత ఏదీ లేదు. అంకె చూసి కొనేయకుండా ప్యాకెట్‌ని మీ వార్మ్ పక్కన పెట్టి చూసి కొనండి. నేను ఎర ప్యాకెట్ ఒకటి జేబులో పెట్టుకునే షాపుకి వెళ్తాను.

భాగాల పేర్లు కొద్దిగా తెలిస్తే చాలు. లైన్ కట్టే చోటు కన్ను. అక్కడినుంచి దిగే నిలువు భాగం కాడ. కింద తిరిగేది వంపు. చివర మొన, మొన వెనక జారిపోకుండా ఆపే ఎదురు ముల్లు, అంటే బార్బ్. కాడకీ మొనకీ మధ్య ఖాళీ ఉంటుందే, దాన్ని గ్యాప్ అంటారు. ఈ గ్యాప్ మీద ఒక అడుగంతా ఖర్చు పెట్టాలి.

మూడో అడుగు: ప్లాస్టిక్ మందాన్ని బట్టి గ్యాప్

చేప ఎరని నోట్లోకి పీల్చుకుని మూసినప్పుడు ఆ మెత్తటి ప్లాస్టిక్ ఎటు పోతుంది? వంపులోకి జారి ముద్దవుతుంది. ఆ ముద్ద గ్యాప్ అంతా నింపేస్తే మొనకి పని చేసే చోటు ఉండదు. నవంబరులో నాకు జరిగింది ఇదే. హుక్ పెద్దదే, కానీ నేను ఎంచుకున్న వార్మ్ దానికి తగ్గట్టు లావు, తొడిగిన తీరు వల్ల గ్యాప్ మొత్తం నిండిపోయింది.

ఇంట్లో టేబుల్ మీద ఇలా చూడండి. వార్మ్‌ని హుక్‌కి తొడగండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని చేప నొక్కినట్టు నొక్కుతూ వంపు వైపు తోయండి. ముద్దైన ప్లాస్టిక్ పైన, మొనకి ఇంకా కనీసం ఆ వార్మ్ మందమంత ఖాళీ మిగలాలి. మిగిలితే హుక్ సరిపోయినట్టు. మిగలకపోతే ఒక సైజు పెంచండి, లేదా అదే సైజులో గ్యాప్ వెడల్పుగా ఉన్న రకం తీసుకోండి. పెన్సిల్ కన్నా సన్నగా ఉండే వార్మ్‌కి చిన్న హుక్ చాలు. చిటికెనవేలంత లావుండే ఎరకి వెడల్పు కావాలి.

ఇక్కడే ఎక్స్‌ట్రా వైడ్ గ్యాప్ హుక్ గురించి నా అభిప్రాయం చెప్పాలి. గొట్టంలా బోలుగా ఉండే ట్యూబ్‌లు, పొట్టిగా లావుగా ఉండే క్రియేచర్ ఎరలకి అది బాగుంటుంది. సన్న వార్మ్‌కి మాత్రం ఆఫ్‌సెట్ రౌండ్ బెండ్, అంటే మెడ దగ్గర చిన్న మెలిక, కింద గుండ్రటి వంపు ఉన్న హుక్ నాకు మేలనిపిస్తుంది. దాని మొన బయటికి తెరుచుకుని ఉంటుంది, తక్కువ లాగుడుకే పట్టుకుంటుంది. ఎక్స్‌ట్రా వైడ్ గ్యాప్‌లో మొన కన్ను వైపు చూస్తూ ఉండటం వల్ల ఇంకాస్త బలంగా లాగాల్సి వస్తుంది.

నాలుగో అడుగు: మొన బయటా, లోపలా?

మీరు ఎర వేసే చోట చెత్త ఉందా లేదా అన్నదే ఈ నిర్ణయం. ఖాళీ రాతి నేల, ఇసుక, లోతైన ఖాళీ నీళ్ళు అయితే మొన బయటే ఉంచండి. బయట ఉన్న మొనకి అడ్డం లేదు కాబట్టి ఎక్కువ చేపలు దొరుకుతాయి. లేనియర్‌లో నీళ్ళు నింపకముందు నరకని చెట్లు ఇప్పటికీ అడుగున నిలబడి ఉన్నాయి. దానికి తోడు చేపలు చేరాలని జనం వేసిన కొమ్మల గుట్టలు. అలాంటి చోట మొనని ప్లాస్టిక్ లోపల దాచాలి, లేదా మొనకి కాపలాగా చిన్న తీగ ఉన్న వీడ్‌గార్డ్ హుక్ వాడాలి.

దాచడంలో కూడా ఒక పద్ధతి ఉంది. మొనని వార్మ్ నుంచి పూర్తిగా బయటికి తెచ్చి, మళ్ళీ పైపొర కిందికి చిటికెడు మాత్రమే దూర్చండి. చర్మం కింద ముల్లు ఉన్నట్టు ఉండాలి. వేలితో తోస్తే బయటపడాలి, కొమ్మ తగిలితే జారిపోవాలి.

ఐదో అడుగు: రిగ్గు వారీగా

డ్రాప్ షాట్‌కే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే తేట, లోతు నీళ్ళలో నాకు ఎక్కువ చేపలిచ్చింది ఇదే. జపాన్‌లో పుట్టి అమెరికాకి వచ్చిన రిగ్గు ఇది. బరువు అడుగున, ఎర దానికి జానెడు నుంచి మూరెడు పైన, నీళ్ళలో వేలాడుతూ ఉంటుంది. హుక్: డ్రాప్ షాట్ లేదా స్ప్లిట్ షాట్ అని అమ్మే పొట్టి కాడ, గుండ్రటి నోరు, సన్న తీగ ఉన్నది. నాలుగు అంగుళాల లోపు ఎరకి సైజు 2, ఆపైన సైజు 1. గామాకట్సు, ఓనర్ రెండూ నమ్మకమైనవి. ఈ రెండు కంపెనీలూ జపాన్‌లోని హ్యోగో ప్రాంతానికి చెందినవే, గాలాల తయారీకి ఆ ప్రాంతం పేరుపడింది.

కట్టడం పాలొమార్ ముడితో. లైన్‌ని రెండు పేటలు చేసి కంట్లోంచి దూర్చండి, ఆ పేటతో వదులుగా ఒక ముడి వేయండి, మిగిలిన ఉచ్చులోంచి హుక్ మొత్తాన్ని దాటించండి, నోటితో తడిపి బిగించండి. కింద బరువు కట్టడానికి తోక పొడుగ్గా ఉంచుకోవడం మరిచిపోవద్దు. ఇప్పుడు అసలు కిటుకు: ఆ తోకని మళ్ళీ కంట్లోంచి, మొన ఉన్న వైపు నుంచి, కిందికి దూర్చి లాగండి. హుక్ లైన్ నుంచి చెయ్యి చాచినట్టు అడ్డంగా, మొన పైకి ఉండేలా నిలబడుతుంది. ఈ ఒక్క పని చేయకపోతే హుక్ లైన్‌ని అంటిపెట్టుకుని వేలాడుతుంది.

ఎర గుచ్చేటప్పుడు గడ్డం కింద నుంచి మొన పెట్టి ముక్కు పైన బయటికి తీయండి, కొన నుంచి పావు అంగుళం లోపలికి. సరిగ్గా మధ్యలో గుచ్చాలి. ఒక పక్కకి పోతే ఎర నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది, గంటలో లైన్ అంతా మెలికలు పడుతుంది. గుచ్చాక పడవ పక్కనే నీళ్ళలో ముంచి ఒకసారి లాగి చూడండి. నిటారుగా, ఈదుతున్నట్టు వస్తే సరే. లేకపోతే తీసి మళ్ళీ గుచ్చండి, బద్ధకించొద్దు. చిన్నప్పుడు గోదావరి కాలువ గట్టున వెదురు కర్రకి బెండు కట్టి ఎర్రని (వానపాముని) గుచ్చేటప్పుడు కూడా మా పెద్దనాన్న ఇదే చెప్పేవారు: "ఎర్ర బతికినట్టు ఉండాల్రా." జెల్లకి ఒక గాలం, కొర్రమేనుకి కప్పపిల్ల పట్టేంత ఇంకో గాలం తీసేవారు. ఎర కొలత, నోటి కొలత, ఈ రెండే ఆయన చూసేది.

కొమ్మల మధ్య డ్రాప్ షాట్ వేయాలంటే 1/0 సన్న తీగ ఆఫ్‌సెట్ హుక్ తీసుకుని మొన దాచండి. చేపలు కొంచెం తక్కువ దొరుకుతాయి కానీ రిగ్గులు తక్కువ పోతాయి.

వాకీ రిగ్గుకి వద్దాం. యమమోటో సెన్‌కో లాంటి 5 అంగుళాల కడ్డీ ఎరని సరిగ్గా నడుము దగ్గర గుచ్చడమే. దాని రెండు కొసలూ వణుకుతూ దిగుతాయి, చేపని పిలిచేది ఆ వణుకే. బరువైన హుక్ పెడితే ఎర తొందరగా మునిగిపోయి వణుకు తగ్గుతుంది, అందుకే ఇక్కడ కూడా సన్న తీగే. 1 లేదా 1/0, పొట్టి కాడ, గుండ్రటి నోరు. నేరుగా గుచ్చితే ఎర రెండు మూడు చేపలకే చిరిగిపోతుంది, కాబట్టి నడుముకి చిన్న రబ్బరు ఓ-రింగు తొడిగి దాని కిందినుంచి హుక్ పెట్టండి. ఒక్క రింగుతో అయితే హుక్ వార్మ్ పొడవునా పడుకుంటుంది. రెండు రింగులు అడ్డంగా తొడిగి వాటి కూడలిలో గుచ్చితే హుక్ వార్మ్‌కి అడ్డంగా నిలబడుతుంది, మొన బాగా తెరుచుకుంటుంది. నేను రెండోదే చేస్తాను. వాకీలో చేపలు ఎరని లోపలిదాకా మింగే అలవాటు ఎక్కువ. లైన్ మీదే కన్నుంచి, అది పక్కకి కదలగానే రీలు తిప్పండి.

నెకో రిగ్గు దీనికి దగ్గరి చుట్టం. వార్మ్ తల వైపు చిన్న మేకు బరువు దూర్చుతారు, 1/32 నుంచి 1/8 ఔన్సు వరకు. హుక్‌ని తలకి దగ్గరగా, మూడో వంతు దూరంలో పెడతారు. సైజు వాకీకి వాడినదే, కొమ్మలుంటే వీడ్‌గార్డ్ ఉన్నది.

నెడ్ రిగ్గులో హుక్ విడిగా కొనము, పుట్టగొడుగు ఆకారపు సీసం తలకే అతికి వస్తుంది. కాన్సస్‌కి చెందిన నెడ్ కెహ్డే పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. 1/15, 1/10 ఔన్సు తలలు, వాటికి రెండు మూడు అంగుళాల పొట్టి ఎర. కొనేముందు తలని ఎర పక్కన ఆనించి, వంపు ఎక్కడికి వస్తుందో గోరుతో గుర్తు పెట్టుకోండి. మొన ఎర మధ్య కన్నా ముందే బయటికి రావాలి. వెనక్కి పోతే తోక బిగుసుకుపోయి ఆడదు. జెడ్-మ్యాన్ వాళ్ళ ఎలాజ్‌టెక్ ఎరలు నీళ్ళలో తేలే రకం, అందుకే తోక పైకి లేచి నిలబడుతుంది. వాటిని మామూలు ప్లాస్టిక్ ఎరలతో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి, రెండూ కరిగి జిగురు ముద్దవుతాయి. ఆ ప్యాకెట్లోనే ఉంచండి.

నెడ్ లాగే బరువు తలకే హుక్ అతికి వచ్చే షేకీ హెడ్‌కి 6 అంగుళాల సన్న వార్మ్, 1/8 లేదా 3/16 ఔన్సు తల. వీటిలో 3/0 లావు తీగ ఉన్నవి చాలా అమ్ముతారు. స్పిన్నింగ్ రాడ్‌తో వాడేట్టయితే అవి వదిలేసి సన్న తీగ ఉన్నవి వెతకండి, దొరుకుతాయి.

ఆరో అడుగు: పదును

హుక్ మొనని బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించి, ఏమీ నొక్కకుండా మెల్లగా జరపండి. గోరులో నాటుకుని ఆగిపోతే పదును ఉంది. జారి గీత గీస్తే లేదు. రాయి తగిలిన ప్రతిసారీ, రెండు మూడు చేపలు పట్టాక ఒకసారి ఇలా చూడండి. ఈ రోజుల్లో వచ్చే సన్న హుక్‌లకి రసాయనంతో పదును పెడతారు. ఆకురాయితో రుద్దితే ఆ మొన మళ్ళీ అలా రాదు, నేనైతే మార్చేస్తాను. హుక్ ఖరీదు తక్కువ, చేప కోసం తెల్లవారుజామున లేచిన శ్రమ ఎక్కువ. తడి హుక్‌ని కొత్తవాటి డబ్బాలో వేయకండి, ఒక్కటి తుప్పు పడితే మిగతావాటికీ అంటుకుంటుంది.

ఏడో అడుగు: లాగే తీరు

ఇన్ని చూసి కొన్నాక టీవీలో చూసినట్టు రాడ్‌ని భుజం మీదికి గుంజితే శ్రమంతా నీళ్ళపాలే. సన్న లైన్ తెగుతుంది, లేదా నోరు చిరుగుతుంది. బరువు తగలగానే రీలు తిప్పుతూ రాడ్‌ని పక్కకి నిదానంగా, ఆపకుండా లాగండి. సన్న తీగ హుక్ తనంతట తను దిగుతుంది. ఎంత బలానికి రీలు నుంచి లైన్ జారాలో చూసుకునే డ్రాగ్‌ని కొంచెం వదులుగా పెట్టుకోండి. పడవ దగ్గరికి వచ్చాక చేప ఒక్క ఊపున కిందికి దూకుతుంది, ఆ క్షణంలో లైన్ జారాలి.

పిల్లలతో వెళ్తే చిన్న ప్లయర్‌తో బార్బ్‌ని నొక్కి చదును చేయండి. చేప నోటినుంచే కాదు, పిల్లాడి వేలినుంచి కూడా సులువుగా వస్తుంది. చేప హుక్‌ని లోపలిదాకా మింగేస్తే గుంజకండి, లైన్‌ని దగ్గరగా కత్తిరించి వదలండి. లోతునుంచి వచ్చిన చేప పొట్టలో గాలి తిత్తి ఉబ్బుతుంది, అలాంటిదాన్ని ఫోటోల కోసం ఎక్కువసేపు బయట ఉంచొద్దు. 16 ఏళ్ళు నిండినవాళ్ళకి జార్జియాలో ఫిషింగ్ లైసెన్స్ తప్పనిసరి, ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు.

మొదటిసారి షాపుకి వెళ్ళేవాళ్ళు ఈ నాలుగు ప్యాకెట్లు తెచ్చుకుంటే ఏడాది గడుస్తుంది: డ్రాప్ షాట్ హుక్ సైజు 1, వీడ్‌గార్డ్ ఉన్న వాకీ హుక్ 1/0, సన్న తీగ ఆఫ్‌సెట్ రౌండ్ బెండ్ 1/0, 1/10 ఔన్సు నెడ్ తలలు. డ్రాప్ షాట్‌కి పావు, 3/8 ఔన్సు బరువులు కొన్ని. లేనియర్‌లో ఏ గట్టున కూర్చున్నా వీటితో పని జరుగుతుంది. నవంబరులో చేపలు పోయిన ఆ కొమ్మల దగ్గరికి రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఈసారి సైజు 1 హుక్, సన్న వార్మ్‌తో. మొదటి గంటలో రెండు స్పాటెడ్ బాస్‌లు వచ్చాయి. రెండిటికీ హుక్ పై దవడ మధ్యలో దిగి ఉంది, ప్లయర్ కూడా అవసరం లేకుండా వేళ్ళతోనే తీసి నీళ్ళలో వదిలేశాను.